'బైలా'లో ఊరు ఎక్కడ పోయింది?

1

కిందటేడు మా కాలేజీ అధ్యాపక సంఘానికి నిబంధనావళి రాయడానికి నలుగురం కూర్చున్నాం. ముందున్న ఇంగ్లీషు నమూనాలో 'బైలాస్' అని ఉంది. దాన్ని తెలుగులో ఏమనాలి? ఒక మిత్రుడు వెంటనే 'ఉపనిబంధనలు' అన్నారు. "బై ఎలక్షన్‌ను ఉప ఎన్నిక అంటున్నాం కదా, ఇదీ అంతే. అసలు చట్టం ప్రభుత్వానిది. ఇది దానికి తోక" అని ఆయన వివరణ. అందరం తల ఊపాం. నేనూ ఊపాను.

తెలుగు చదువుకున్నవాణ్ణి కాబట్టి ఇంగ్లీషు పదాల పుట్టుపూర్వోత్తరాలు నా రంగం కాదు. ఐనా అలవాటు కొద్దీ ఆ రాత్రి నిఘంటువు తిరగేశాను. మా అనువాదం తప్పని తేలింది. తప్పు మా ఒక్కరిదే కాదు. కొన్ని శతాబ్దాలుగా ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ మాటను అట్లాగే తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

'బైలా'లోని 'బై'కి 'పక్కన', 'ఉప' అన్న అర్థాలతో మొదట్లో సంబంధం లేదు. అది 'బ్యూర్' అన్న నార్స్ పదం నుంచి వచ్చిందని ఎక్కువమంది నిఘంటుకర్తల అభిప్రాయం. నేటి నార్వీజియన్, డేనిష్, స్వీడిష్, ఐస్‌లాండిక్ భాషలకు తల్లి అయిన పాత భాషనే నార్స్ అంటారు. అందులో 'బ్యూర్' అంటే రైతు నివాసం, ఊరు. 'లా' కూడా నార్స్ పదమే. 'వేసి ఉంచినది', 'నిర్ణయించి పెట్టినది' అని దాని అర్థం. వెరసి బైలా అంటే ఊరి కట్టుబాటు.

మధ్యయుగాల ఇంగ్లండులో భూస్వామి కచేరీల రికార్డుల్లో ఈ కట్టుబాట్లు కనిపిస్తాయి. కోత అయిన చేలో పరిగె ఏరుకునే హక్కు ఎవరిది, కోసిన చేలలోకి పశువుల్ని ఎప్పుడు తోలవచ్చు, కోతల రోజుల్లో ఒళ్ళు వంచగలవాడు పని మానుకుని పరిగెకు పోవచ్చునా—ఇట్లాంటివి ఊరివాళ్ళు కలిసి నిర్ణయించుకునేవారు. స్కాట్లండులో ఇరుగుపొరుగు రైతులే కూర్చుని తగవులు తీర్చుకునే 'బర్లా కోర్టులు' ఉండేవి. అదీ ఈ మాటే. క్రమంగా ఊరికి తన కట్టుబాటు తాను చేసుకునే శక్తి పోయింది. మాటలో 'ఊరు' ఉందన్న స్పృహ కూడా పోయింది. పైవాడు అనుమతించిన మేరకు కిందివాడు రాసుకునే చిన్న చట్టమన్న అర్థం మిగిలింది. 'బై' అంటే 'ఉప' అనుకోవడం ఆ తర్వాత సులువైంది.

మన ఎం.ఏ. తరగతుల్లో అర్థవిపరిణామం చెబుతాం. అర్థసంకోచం, అర్థవ్యాకోచం, అర్థసౌమ్యత, అర్థగ్రామ్యత అని గదులు కట్టి, ఒక్కొక్క గదిలో నాలుగేసి ఉదాహరణలు వేస్తాం. 'చీర' ఒకప్పుడు ఏ బట్టయినా, ఇప్పుడు ఆడవాళ్ళ బట్ట. 'కంపు' ఒకప్పుడు వాసన, ఇప్పుడు దుర్వాసన. 'వైతాళికుడు' ఒకప్పుడు రాజును నిద్రలేపేవాడు, ఇప్పుడు జాతిని మేల్కొలిపేవాడు. విద్యార్థి అది బట్టీపట్టి పరీక్షలో రాస్తాడు. ఎవరి మాట దిగజారింది, ఎవరి మాట పైకెక్కింది, ఎందుకు—అని అతను అడగడు, మనం చెప్పం. ఆ ప్రశ్న అడిగితే వ్యుత్పత్తిశాస్త్రం చరిత్రలో భాగమవుతుందని నా అభిప్రాయం. పాత ఇంగ్లీషు, పాత నార్స్ మాటలు కొన్నిటిని తీసుకుని ఆ సంగతి చూపించడానికి ప్రయత్నిస్తాను. ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు సముద్రానికి రెండు వైపులా వేరు వేరు సమాజాల్లో పడి వేరు వేరు గతులు పట్టాయి కాబట్టి, కారణాలు వెతకడానికి ఇంత అనువైన చోటు అరుదు.

2

793లో నార్స్ దోపిడీదారులు ఇంగ్లండు ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకున్నారు. అక్కణ్ణుంచి రెండు తరాల పాటు వాళ్ళు వచ్చి దోచుకుపోయేవాళ్ళు. 865లో పెద్ద సైన్యమే దిగింది. ఐతే భాషాచరిత్రకు ముఖ్యమైన సంవత్సరం 876. ఆ ఏడు వాళ్ళు నార్తంబ్రియా భూముల్ని పంచుకుని దున్నడం మొదలుపెట్టారని నాటి ఇంగ్లీషు చరిత్ర గ్రంథం నమోదు చేసింది. తూర్పు ప్రాంతాల్లో దిగినవారు ఎక్కువగా డేన్‌లు. వాయవ్యంలో ఐర్లండు మీదుగా వచ్చిన నార్వే వాళ్ళు ఎక్కువ. 902లో డబ్లిన్ నుంచి వెళ్ళగొట్టబడినవారిలో కొందరు ఇటు చేరారు. విట్బీ, గ్రిమ్స్‌బీ, డెర్బీ వంటి పేర్లలో చివరనున్న 'బీ' ఆ 'బ్యూర్' అన్న మాటే. ఒక్క యార్క్‌షైర్‌లోనే ఇట్లాంటి ఊరి పేర్లు రెండు వందలకు పైగా ఉన్నాయి.

కత్తితో వచ్చినవాడు నాగలి పట్టాక భాషలో ఏం జరిగింది? పాత ఇంగ్లీషుకూ నార్స్‌కూ ధాతువులు చాలావరకు ఒకటే. ప్రత్యయాల్లో తేడా. పక్క పొలంవాళ్ళతో ఎద్దు బేరమాడడానికి దుబాసీ అక్కర్లేని దగ్గరితనం అది. అంచేత నార్స్ మాటలు ఇంగ్లీషులోకి పెరటిదారిన వచ్చాయి. 'ఎగ్', 'నైఫ్', 'స్కిన్', 'లెగ్', 'రూట్', 'టేక్', 'కాల్', 'రాంగ్'—ఇవన్నీ నార్స్ మాటలు. 'విండో' అంటే 'గాలికన్ను'. గోడకు పెట్టిన కంతకు నార్స్ ఇల్లాలు పెట్టుకున్న పేరు అది. చివరికి 'దే', 'దెమ్', 'దెయిర్' అనే సర్వనామాలు కూడా అక్కడివే. ఒక భాష మరొక భాషకు సర్వనామం ఇవ్వడం అసాధారణం. పాలకుడు శాసనం చేసి దాన్ని ఇవ్వలేడు. ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకునేవాళ్ళు, ఒకే ఇంట్లో పిల్లల్ని కన్నవాళ్ళు మాత్రమే అట్లాంటివి ఇచ్చిపుచ్చుకోగలరు.

దీనిని 1066 తర్వాత వచ్చిన ఫ్రెంచి మాటలతో పోల్చి చూడండి. నార్మన్ ప్రభువులు తెచ్చినవి 'కోర్ట్', 'జడ్జి', 'టాక్స్', 'రెంట్', 'ప్రిజన్'. ఫ్రెంచి నుంచి వచ్చిన మాటలు లెక్కకు ఎన్నో రెట్లు ఎక్కువ, వాటిలో ఇంటి మాటలూ లేకపోలేదు. కాని మొదటి వరసలో కనిపించేవి ఏలేవాడి అవసరాలు. ఎరువు మాటల జాబితా చూసి, ఎరువిచ్చినవాడు నెత్తిమీద కూర్చున్నాడా, పక్కన కూర్చున్నాడా అని చాలావరకు చెప్పవచ్చు.

ఇంతమాత్రాన నార్స్ వాళ్ళు సమతావాదులని అనుకోకూడదు. డబ్లిన్‌లో వాళ్ళు నడిపింది బానిసల సంత. 'థ్రాల్', అంటే బానిస, అన్న మాటను ఇంగ్లీషుకు ఇచ్చింది వాళ్ళే. నేడు సినిమా సమీక్షకుడు ఏదో చిత్రం 'ఎంత్రాలింగ్'గా ఉందని రాస్తాడు. మనసు దోచుకుంది అని అతని భావం. సంకెళ్ళు వేసింది అని ఆ మాట భావం.

3

ఇక అసలు ఉదాహరణకు వస్తాను. నార్స్‌లో 'బూఅ' అంటే నివసించడం, సాగుచేయడం. అట్లా చేసేవాడు 'బోండి'. తన ఇల్లు, తన పొలం, సభలో తన మాట ఉన్న స్వతంత్ర రైతు. ఇల్లున్న బోండి 'హూస్‌బోండి'. ఈ రెండు మాటలూ వెయ్యో సంవత్సరం నాటికే ఇంగ్లీషులోకి వచ్చేశాయి. రెండోది నేటి 'హజ్బెండ్'. మరి మొదటిది ఏమైంది?

1066లో విలియం ఇంగ్లండును గెలిచాడు. భూములన్నిటికీ రాజే యజమాని అయ్యాడు. 1086లో ఊరూరా నాగళ్ళు, ఎద్దులు, మనుషులు లెక్కవేయించి 'డోమ్స్‌డే' దస్తరం తయారు చేయించాడు. ఆ తర్వాతి రెండు శతాబ్దాల్లో స్వతంత్ర రైతులు చాలామంది భూమికి కట్టుబడి, ప్రభువు పొలంలో వెట్టి చేయవలసిన స్థితికి దిగారు. ప్రభువు అనుమతి లేకుండా ఊరు విడిచిపోకూడదు. కూతురి పెళ్ళికి సుంకం కట్టాలి. రైతు దిగాడు, అతని పేరూ అతనితో దిగింది. పదమూడో శతాబ్దం గడిచేసరికి ఇంగ్లీషులో 'బాండ్' అంటే వెట్టివాడు, 'బాండేజ్' అంటే వెట్టితనం. 'కట్టు' అన్న అర్థంగల మరొక 'బాండ్' కూడా భాషలో ఉండడంతో రెండూ కలిసిపోయాయి. బోండి అంటే కట్టివేయబడినవాడేనని జనం నమ్మారు. మాట మూలార్థం స్వాతంత్ర్యమని చెప్పేవాడు లేకపోయాడు.

1381 జూన్‌లో ఇంగ్లీషు రైతులు లండన్ మీదికి నడిచి వచ్చారు. మైల్‌ఎండ్ దగ్గర కుర్రరాజు రెండో రిచర్డును నిలబెట్టి, వెట్టిదాస్యం రద్దు చేయాలనీ, ఎకరానికి నాలుగు పెన్నీలకు మించి శిస్తు ఉండరాదనీ అడిగారు. రాజు సరేనని పత్రాలు రాసిచ్చాడు. మర్నాడు వాట్ టైలర్‌ను చంపారు. ఆ తర్వాత పత్రాలు రద్దు చేశారు. ఆ రైతులు కోరింది ఏమిటి? మూడు వందల ఏళ్ళ కింద తమ పేరుకు ఉన్న అర్థం తమకు తిరిగి రావాలని. ఆ సంగతి వాళ్ళకు తెలియకపోవచ్చు.

మరి 'హజ్బెండ్' ఎందుకు పడిపోలేదు? ఇంట్లో యజమాని అన్న అర్థం దాన్ని కాపాడింది. బయట ప్రభువుకు వెట్టివాడైన మగవాడు గడప లోపల ప్రభువుగానే మిగిలాడు. 'వైఫ్' అన్నది స్వచ్ఛమైన పాత ఇంగ్లీషు మాట. దానికి అర్థం 'ఆడది' అని మాత్రమే. అంటే ఇంగ్లీషులో ఆలుమగల్ని చెప్పే జంటలో ఒకరు 'ఇంటి యజమాని', ఒకరు 'ఆడది'. ఇందులో మనం ఎగతాళి చేయవలసింది లేదు. 'భర్త' అంటే పోషించేవాడు, 'భార్య' అంటే పోషింపబడవలసినది. 'పతి', 'నాథుడు' అన్నవాటికి యజమాని అనే అర్థం. పొద్దుగూకులూ పొలంలో పనిచేసి ఇంటిని పోషించిన ఆడదానికి ఏ భాషా ఆ పేరు ఇవ్వలేదు.

ఇప్పుడు సముద్రం దాటి నార్వేకు వెళదాం. అక్కడ 'బోండె' అంటే నేటికీ రైతు. పట్నంవాళ్ళు మొరటువాడన్న భావంతో వాడినా, ఆ మాటకు దాస్యం అంటలేదు. నార్వేలో పూర్తిస్థాయి భూస్వామ్యం స్థిరపడకపోవడమే దీనికి కారణం. కొండలూ లోయలూ, చెదురుమదురు పొలాలూ, పెద్ద ఎస్టేట్లకు చోటులేని నేల. 1890 జూన్‌లో పౌల్ ఎర్న్‌స్ట్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ ఈ సంగతినే నొక్కి చెప్పాడు. నార్వే రైతు ఎన్నడూ అర్ధబానిస కాలేదనీ, ఇబ్సెన్ నాటకాల్లోని మధ్యతరగతి మనుషుల్ని జర్మన్ కొలబద్దతో కొలవకూడదనీ అతని వాదన. సాహిత్య విమర్శ చేసేవారు ఆ ఉత్తరం చదవడం మంచిది. ఒక రచయితను అంచనా వేయబోయి ఎంగెల్స్ అతని ప్రజల భూసంబంధాల దాకా వెళ్ళాడు.

ఐతే బోండె అన్న గర్వం వెనక మరొక మనిషి నిలబడి ఉన్నాడు. అతని పేరు 'హూస్‌మన్'. మాటకు మాటగా 'ఇంటిమనిషి'. నిజానికి అతనికి ఇల్లూ లేదు, భూమీ లేదు. రైతు భూమిలో గుడిసె వేసుకుని, చిన్న మడి సాగుచేసుకుని, బదులుగా రైతు పొలంలో పనిచేసే పాలేరు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో నార్వేలో ఇట్లాంటి కుటుంబాలు 65,000 దాకా ఉండేవి. 1848 డిసెంబరులో మార్కుస్ థ్రానె ద్రామెన్ పట్టణంలో శ్రామిక సంఘం స్థాపిస్తే, రెండేళ్ళు తిరక్కుండా సుమారు 30,000 మంది చేరారు. వారిలో హూస్‌మన్‌లు అధికం. 1851లో థ్రానెను అరెస్టు చేసి ఉద్యమాన్ని అణిచివేశారు. అణచమన్న పార్లమెంటులో రైతు ప్రతినిధులు కూడా కూర్చుని ఉన్నారు. కాబట్టి 'నార్వే రైతు స్వతంత్రుడు' అన్న వాక్యం నిజమైనదే కాని పూర్తి నిజం కాదు. పదాల చరిత్ర చదివేటప్పుడు గౌరవం మిగిలిన మాటను చూసి మురిసిపోకుండా, దాని నీడలో ఏ మాట ఉందో కూడా చూడాలి.

4

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మాటలన్నిటికీ వర్గం అంటగట్టడం పాత పొరపాటు కదా? నిజమే. సోవియట్ యూనియన్‌లో నికోలాయ్ మార్ భాషే వర్గానికి చెందినదనీ, ఆర్థిక పునాది మారితే భాష కూడా మారిపోతుందనీ సిద్ధాంతీకరించాడు. చాలాకాలం అదే అధికార సిద్ధాంతంగా చెలామణీ అయింది. 1950లో ప్రావ్దా చర్చలో స్టాలిన్ దాన్ని తోసిపుచ్చాడు. భాష జాతి అంతటిదనీ, పునాది మీద లేచే ఉపరితల కట్టడం కాదనీ అన్నాడు. ఒక శాస్త్ర విషయాన్ని పార్టీ నాయకుడు తీర్పుచెప్పి తేల్చిన పద్ధతిని మనం ఒప్పుకోనక్కరలేదు. కాని తేలిన విషయం సరైనదే. ప్రభువూ వెట్టివాడూ 'బాండ్' అన్న ఒకే మాట వాడారు, ఒకే వ్యాకరణంతో వాడారు. భాష ఇద్దరిదీ. ఐతే ఆ మాటకు ఏ విలువ కట్టాలన్నది మాత్రం ఇద్దరి చేతుల్లో సమానంగా లేదు. శాసనం రాసేవాడు, కచేరీ నడిపేవాడు, బడి పెట్టేవాడు కట్టిన విలువే చివరికి నిఘంటువుకు ఎక్కింది.

దీనికి సాక్ష్యాలు ఎన్నో. పాత ఇంగ్లీషులో 'చెయోర్ల్' అంటే స్వతంత్రుడైన సామాన్య రైతు. నేటి ఇంగ్లీషులో 'చర్ల్' అంటే మర్యాద తెలియని మొరటువాడు. అదే మూలానికి చెందిన 'కార్' నార్వీజియన్‌లో ఇప్పటికీ 'మనిషి', 'మొనగాడు'. 'విలన్' ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. మొదట దానికి పల్లెటూరి పాలేరు అనే అర్థం. 'నేవ్' అంటే మొదట కుర్రవాడు, తర్వాత పనికుర్రవాడు, చివరికి మోసగాడు. దీనికి ఎదురుగా 'లార్డ్' అన్న మాట చూడండి. 'హ్లాఫ్‌వెయార్డ్', అంటే రొట్టెను కాపాడేవాడు. 'లేడీ' అంటే రొట్టెపిండి పిసికే ఆమె. ఏడో శతాబ్దపు కెంట్ రాజ్యశాసనంలో ఆశ్రితుడికి 'రొట్టె తినేవాడు' అనే పేరుంది. ఒకే పొయ్యి చుట్టూ ఉన్న ముగ్గురు. రొట్టెగది తాళంచెవి పట్టుకున్నవాడు ప్రభువయ్యాడు. పిండి పిసికే ఆమె చేతికి పిండి అంటని దొరసాని అయింది. తినేవాడి పేరు మాసిపోయింది. అర్థసౌమ్యత, అర్థగ్రామ్యత అన్న గదుల్లో ఈ మాటల్ని విడదీసి పెడితే ఈ కథ కనబడదు.

మరొక మాట 'స్టార్వ్'. పాత ఇంగ్లీషులో 'స్టెయోర్వన్' అంటే చనిపోవడం, ఏ చావైనా సరే. నార్స్ నుంచి 'డై' అన్న మాట వచ్చి మామూలు చావుకు స్థిరపడింది. పాతమాటకు ఏం పని మిగిలింది? 'ఆకలితో చచ్చాడు' అన్న వాక్యంలో అది పదేపదే వినబడింది. క్రమంగా 'ఆకలితో' అని వేరే చెప్పనవసరం లేకపోయింది. ఆకలి ఆ క్రియలోకే ఇంకిపోయింది. ఉత్తర ఇంగ్లండు మాండలికాల్లో మాత్రం 'స్టార్వ్' అంటే చలికి గడ్డకట్టుకుపోవడం. ఒక ప్రాంతంలో పేదవాణ్ణి ఎక్కువగా చంపేది ఏదో ఆ ప్రాంతపు క్రియ పట్టి చూపుతున్నట్టుంది. 'స్టార్వేషన్ డెత్' అంటే వ్యుత్పత్తి ప్రకారం 'చావు చావు' అవుతుంది. ఆ మాట రాయవలసి వచ్చినప్పుడు మన దేశంలో అధికారులు ఇప్పటికీ కలం ఆపి 'అనారోగ్యం' అని రాయడం మనం ఎరుగుదుం.

'థింగ్' కూడా ఇట్లాంటిదే. పాత ఇంగ్లీషులోనూ నార్స్‌లోనూ దానికి 'సభ' అన్న అర్థం ఉంది. స్వతంత్రులైనవాళ్ళు బయట మైదానంలో కూడి తగవులు తీర్చుకునే సభ. సభకు వచ్చిన వ్యవహారం, ఆ తర్వాత ఏ వ్యవహారమైనా, ఏ వస్తువైనా 'థింగ్' అయింది. ఇంగ్లీషులో వస్తువు మిగిలి సభ పోయింది. ఇంగ్లీషు సభకు వాడుకలో ఉన్న మరొక మాట 'మూట్' కూడా నేడు న్యాయ కళాశాల పిల్లలు ఉత్తుత్తి వాదనలు చేసే 'మూట్ కోర్టు'లో దాక్కుంది. రాజ్యసభకు ఫ్రెంచివాళ్ళ 'పార్లమెంట్' వచ్చింది. నార్వేలో మాత్రం గులటింగ్, ఫ్రోస్టటింగ్ అనే ప్రాంతీయ సభల జ్ఞాపకం నిలిచి, 1814లో ఏర్పడిన జాతీయ శాసనసభకు 'స్టోర్‌టింగ్', అంటే మహాసభ, అని పేరు పెట్టుకున్నారు. అక్కడ 'టింగ్' అంటే ఇప్పటికీ వస్తువూ, సభా కూడా.

బైలాకు నార్వేలో ఒక తోబుట్టువు ఉందని కూడా ఇక్కడ చెప్పాలి. 1274లో రాజు మాగ్నుస్ దేశానికంతటికీ ఒక చట్టం చేయించి, 1276లో పట్టణాలకు వేరే చట్టం చేయించాడు. దాని పేరు 'బ్యూలోవ్'. అక్కడ 'బ్యూ' అంటే ఊరి స్థాయి దాటి పట్టణం అయింది. నేడూ అదే అర్థం. ఇంగ్లండులో ఊరు మాటలోంచి రాలిపోతే, నార్వేలో ఊరు పెరిగి పట్టణమైంది.

5

మాటల మూలాలు వెతకడంలో ప్రమాదం కూడా ఉంది. అది చెప్పకుండా ముగించడం బాధ్యతారాహిత్యమవుతుంది. మూలమే అసలైనదనీ, తర్వాత చేరినదంతా మలినమనీ అనుకునేవాళ్ళు అన్ని భాషల్లోనూ ఉంటారు. వాళ్ళకు పాతమాట ఒక వంశవృక్షం. అందులోంచి జాతి స్వచ్ఛత పుట్టుకొస్తుంది.

నార్వేలో విడ్‌కున్ క్విస్లింగ్ 1933లో ఫాసిస్టు పార్టీ పెట్టాడు. దాని దండు దళానికి 'హిర్ద్' అని పేరు పెట్టాడు. పాతకాలపు నార్వే రాజుల చుట్టూ ఉండే అంగరక్షక పరివారానికి ఆ పేరుండేది. కలుషితం కాని నార్డిక్ వీరత్వానికి అది చిహ్నమని వాళ్ళ భావన. నిజమేమిటి? 'హిర్ద్' నార్స్ మాటే కాదు. పాత ఇంగ్లీషులో ఇంటి పరివారానికి 'హీరెడ్' అని పేరు. నార్స్ రాజులు దాన్ని ఇంగ్లండు నుంచి ఎరువు తెచ్చుకున్నారు. స్వచ్ఛత పతాక మీద ఎగరేసిన మాటే పరాయి మాట.

1940 ఏప్రిల్ 9న హిట్లర్ సేనలు నార్వేలో దిగిన రోజునే క్విస్లింగ్ రేడియోలో తనదే ప్రభుత్వమని ప్రకటించుకున్నాడు. ఆ నెల తిరక్కుండానే ఇంగ్లీషు పత్రికలు అతని పేరును ద్రోహి అన్న అర్థంలో సామాన్య నామంగా వాడడం మొదలుపెట్టాయి. వెయ్యేళ్ళ కింద 'హజ్బెండ్', 'విండో' ఇచ్చిన దిక్కు నుంచి ఇంగ్లీషుకు చేరిన ఈ మాట ఇప్పటికీ నిఘంటువుల్లో ఉంది.

1942 ఫిబ్రవరిలో క్విస్లింగ్ ప్రభుత్వం ఉపాధ్యాయులందరూ తప్పనిసరిగా చేరవలసిన కొత్త సంఘం ఒకటి స్థాపించి, దానికి హిర్ద్ నాయకుణ్ణే అధిపతిని చేసింది. పిల్లలకు కొత్త నీతి బోధించడం ఆ సంఘం పని. దేశంలో సుమారు 14,000 మంది ఉపాధ్యాయులుంటే వారిలో అత్యధికులు చేరబోమని స్వయంగా సంతకాలు చేసి ఉత్తరాలు పంపారు. మార్చిలో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయుల్ని అరెస్టు చేశారు. వందలమందిని ఉత్తర ధ్రువ వలయంలోని కిర్కెనెస్‌కు తరలించి, చలిలో జర్మన్ సైన్యానికి కూలిపని చేయించారు. ఐనా సంఘం నిలబడలేదు. ఆ ఏడు చివరికి బందీలను వదిలిపెట్టక తప్పలేదు. వాళ్ళలో పాత నార్స్ గాథలు పాఠం చెప్పినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. పాతమాటల్ని ప్రేమించడానికీ వాటితో పిల్లల్ని కవాతు చేయించడానికీ మధ్య ఉన్న తేడా వాళ్ళకు తెలుసు.

మన భాషలోనూ మూలాల పేర మనుషుల్ని విడదీసే ధోరణులు లేకపోలేదు. ఒకరు సంస్కృతం తీసేస్తే తెలుగే లేదంటారు. ఇంకొకరు ఉర్దూ మాట వినబడితే ముక్కు మూసుకుంటారు. ఒక జిల్లా మాటను మరొక జిల్లావాళ్ళు నవ్వుతారు. ఇంగ్లీషు ఉదాహరణ వాళ్ళకు చెప్పదగినది. ప్రపంచమంతా వ్యాపించిన ఆ భాష 'వాళ్ళు' అనడానికి సొంత మాట వదులుకుని పొరుగు రైతు మాట తీసుకుంది. దానివల్ల దానికి జరిగిన నష్టమేమీ లేదు.

చివరగా ఒక మాట. నార్స్‌లో 'ఫే' అంటే పశువులు, సంపద. మన పల్లెల్లో కూడా పశువుల్ని సొమ్ములనే వాడుక ఉంది. తమ తమ సొమ్ము తెచ్చి ఒకచోట వేసి కలిసి వ్యవహారం చేసేవాళ్ళలో ప్రతి ఒక్కడూ 'ఫేలగి'. ఇంగ్లీషులో అది 'ఫెలో' అయింది. విశ్వవిద్యాలయంలో అది 'ఫెలోషిప్'గా పెద్దరికం పొందింది. వీధిలో 'ఆ ఫెలో' అని మనమే తిట్టుగా వాడుతున్నాం. ఐస్‌లాండులో మాత్రం 'ఫేలగి' అంటే సంఘ సభ్యుడు, కామ్రేడు. నార్వేలో దాని సంతతి అయిన 'ఫెలెస్' అంటే ఉమ్మడి.

మా అధ్యాపక సంఘం రెండో సమావేశంలో నేను ఈ సంగతులు కొన్ని చెప్పి, 'ఉపనిబంధనలు' తీసేసి 'కట్టుబాట్లు' అని పెట్టమన్నాను. రిజిస్ట్రేషన్‌కు ఆ మాట పనికిరాదేమోనని ఒకరు సందేహించారు. చాలాసేపు వాదించుకున్నాక కాగితం మీద 'బైలాలు' అనే ఉంచాం. మొదటి నిబంధనలో మాత్రం ఒక వాక్యం చేర్చాం: ఈ నిబంధనలు సభ్యులు సమావేశమై, చర్చించుకుని, తమకు తాము చేసుకున్నవి, సభ్యుల సమావేశమే వీటిని మార్చగలదు.